రుద్దితే ఛార్జ్ పుట్టదు, చేతులు మారుతుంది

(సైన్స్ డే రోజు హైస్కూల్ పిల్లలకి, తల్లిదండ్రులకి చేసిన ప్రసంగం, మాట్లాడింది మాట్లాడినట్టుగా)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్న పిల్లలకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకొంచెం దగ్గరికి పెట్టుకుంటాను. ఫ్యాన్లు ఆపమని నేనే చెప్పాను, కాస్త ఓర్చుకోండి, ఎందుకంటే ఈ టేబుల్ మీద ఉన్నవన్నీ గాలికి ఎగిరిపోయే సరుకే, కాగితం ముక్కలు, పాలిథీన్ కవర్లోంచి కత్తిరించిన రింగులు, ఇట్లాంటివి.

ఇవాళ ఫిబ్రవరి 28, రామన్ గారు 1928లో తన ఆవిష్కరణ చేసిన రోజు, ఆయన గురించి హెడ్‌మాస్టర్ గారు ఇప్పుడే బాగా చెప్పారు కాబట్టి నేను నేరుగా నా విషయంలోకి వచ్చేస్తాను. ఎలక్ట్రిక్ ఛార్జ్ అంటే ఏంటి, ఒక వస్తువుకి అది ఎట్లా వస్తుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఇది, "రాపిడి వల్ల ఆవేశం కలుగును" అని రాసేసి వెళ్ళిపోతాం, ఆవేశం అంటే ఛార్జే. ఆ "కలుగును" దగ్గరే నాకు పేచీ. అక్కడ ఏమీ కొత్తగా కలగదు, పుట్టదు. అది ఒక్కటి మీకు పూర్తిగా అర్థమైతే మిగతా పాఠమంతా దాని వెంటే వచ్చేస్తుంది, అందుకే ఇవాళంతా దాని చుట్టూనే తిరుగుతాను.

ముందు దువ్వెన. ఇది అందరూ చేసేదే. నాన్నా, నువ్వు రా, తలకి నూనె పెట్టుకోలేదు కదా? నూనె తలైతే ఇది సరిగ్గా రాదు. ఇదిగో ఈ ప్లాస్టిక్ దువ్వెనతో ఓ పదిసార్లు గట్టిగా దువ్వుకో... చాలు. ఇప్పుడు ఈ కాగితం ముక్కల మీదికి తీసుకురా, తగలనివ్వకు, ఓ రెండు వేళ్ళ ఎత్తులో పెట్టు. చూశారా, ముక్కలు ముందు లేచి నిలబడ్డాయి, తర్వాత ఎగిరి అంటుకున్నాయి. ఇక్కడితో అందరూ చప్పట్లు కొట్టి ఆపేస్తారు, మీరు మాత్రం ఆపకండి, ఇంకో నిమిషం చూడండి. అంటుకున్న ముక్కల్లో కొన్ని ఉన్నట్టుండి దువ్వెన నుంచి దూరంగా దూకుతున్నాయి, రాలిపోవట్లేదు, ఎవరో తోసినట్టు దూకుతున్నాయి. అది గుర్తు పెట్టుకోండి, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇంకొక్క సంగతి గమనించండి. ఆ కాగితం ముక్కని కిందికి లాగుతున్నది మొత్తం భూమి. పైకి లాగుతున్నది పది గ్రాముల దువ్వెన. గెలిచింది దువ్వెన. గ్రావిటీతో పోలిస్తే ఈ విద్యుత్ బలం ఎంత పెద్దదో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలీదు.

మరి దువ్వెనలో ఏం జరిగింది? ఏ వస్తువైనా పరమాణువులతో తయారయిందే కదా, పరమాణువు మధ్యలో కేంద్రకం, అందులో ప్రోటాన్లకి ప్లస్ ఛార్జ్ ఉంటుంది, చుట్టూ ఉండే ఎలక్ట్రాన్లకి మైనస్. ఒక ప్రోటాన్ ప్లస్ ఎంతో ఒక ఎలక్ట్రాన్ మైనస్ సరిగ్గా అంతే, అటూ ఇటూ వెంట్రుకంత తేడా లేదు. అందుకని మామూలుగా ఏ వస్తువుకి ఛార్జ్ ఉన్నట్టు మనకి తెలియదు, లేకపోవడం కాదు, రెండూ సరిసమానంగా ఉండి కొట్టేసుకోవడం. ఈ దువ్వెనలో ఇప్పుడు కూడా, నేను ఊరికే పట్టుకున్నప్పుడు కూడా, ఊహకి అందనంత ఛార్జ్ ఉంది. లెక్క చెప్తాను, ఏ పదార్థమైనా సరే గ్రాముకి దాదాపు 3 × 10²³ ఎలక్ట్రాన్లు ఉంటాయి, పది గ్రాముల దువ్వెనలో 3 × 10²⁴. అన్ని ఉన్నా పక్కన అన్నే ప్రోటాన్లు ఉన్నాయి కాబట్టి బయటికి సున్నా.

రుద్దినప్పుడు జరిగేది ఏంటంటే, జుట్టు నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు దువ్వెనకి మారతాయి. ప్రోటాన్లు కదలవు, అవి కేంద్రకంలో బిగుసుకుని ఉంటాయి. దువ్వెనలో ఎలక్ట్రాన్లు ఎక్కువయ్యాయి కాబట్టి దానికి మైనస్, జుట్టులో అన్నే తగ్గాయి కాబట్టి దానికి ప్లస్. పక్కింటి నుంచి గ్లాసుడు పంచదార తెచ్చుకుంటే మన డబ్బాలో గ్లాసు పెరిగింది, వాళ్ళ డబ్బాలో గ్లాసు తగ్గింది, రెండిళ్ళలో కలిపి పంచదార పెరగలేదు, తరగలేదు. ఛార్జ్ కూడా అంతే, రెండిట్నీ కలిపి చూస్తే మొదట ఎంతో చివర కూడా అంతే. దీన్నే ఆవేశ నిత్యత్వం అంటాం, ఇప్పటిదాకా ఏ ప్రయోగంలోనూ ఇది తప్పింది లేదు.

మరి ఎన్ని మారి ఉంటాయి? ఇట్లా దువ్విన దువ్వెన మీద ఛార్జ్ నానో కూలుంబ్‌లలో ఉంటుంది, కూలుంబ్ అంటే ఛార్జ్‌ని కొలిచే ప్రమాణం, నానో అంటే అందులో వంద కోట్లో వంతు. ఒక నానో కూలుంబ్ అనుకుందాం, అంటే 624 కోట్ల ఎలక్ట్రాన్లు. 624 కోట్లు అంటే చాలా పెద్దగా అనిపిస్తుంది, కానీ దువ్వెనలో మొత్తం ఉన్న వాటితో భాగిస్తే సుమారు ఐదు కోట్ల కోట్లలో ఒక్కటి. అంత స్వల్పంగా లెక్క తప్పితేనే భూమి లాగుడిని ఓడించింది. ఒక్కో కూలుంబ్ ఛార్జ్ ఉన్న రెండు చిన్న గుండ్లు మీటరు దూరంలో పెట్టగలిగితే వాటి మధ్య బలం 900 కోట్ల న్యూటన్లు, మన భాషలో చెప్పాలంటే దాదాపు 9 లక్షల టన్నుల బరువు. పెట్టలేం, ఆ ఛార్జ్ ఆ గుండ్ల మీద నిలవదు, గాలిలోంచి పారిపోతుంది. ఈ లోకంలో ప్లస్సూ మైనస్సూ ఎందుకంత పక్కాగా సమానంగా ఉంటాయో ఇప్పుడు మీకే తెలుస్తుంది, కాస్త తేడా వచ్చినా ఆ బలమే లాగి సరిచేసేస్తుంది.

ఇదంతా ఒక్కరు కనిపెట్టింది కాదు. అంబర్ అని గట్టిపడిన చెట్టు జిగురు ఉంటుంది, దాన్ని రుద్దితే గడ్డిపోచల్ని లాగుతుందని గ్రీకులకి రెండున్నర వేల ఏళ్ళ కిందటే తెలుసు. తర్వాత చాలాకాలం అది అంబర్‌కి ఒక్కదానికే ఉన్న మహిమ అనుకున్నారు. 1600లో ఇంగ్లండ్‌లో విలియం గిల్బర్ట్ అనే డాక్టర్, రాణి గారికి కూడా వైద్యుడాయన, గాజు, గంధకం, రకరకాల రాళ్ళు అన్నీ రుద్ది చూసి ఇది అంబర్ గొప్పతనం కాదు, చాలా వాటికి ఉందని చూపించాడు.

నాకు అందరికంటే ఇష్టమైన మనిషి మాత్రం స్టీఫెన్ గ్రే. బట్టలకి రంగులేసే కుటుంబం ఆయనది, పెద్ద చదువు లేదు, వయసు మళ్ళాక లండన్‌లో ఒక ధర్మసత్రంలాంటి చోట ఉండేవాడు. 1729లో ఒక గాజు గొట్టాన్ని రుద్దుతున్నాడు, దుమ్ము పడకుండా గొట్టం చివర బెండు బిరడా పెట్టాడు, ఈకని లాగుతున్నది గాజే కాదు, బిరడా కూడా లాగుతోంది. బిరడాని ఎవరూ రుద్దలేదే! ఆయన అక్కడ వదల్లేదు, బిరడాకి పుల్ల గుచ్చాడు, పుల్లకి దారం కట్టాడు, దారం చివర దంతపు బంతి కట్టాడు, బంతి కూడా లాగింది. అట్లా దారం పెంచుకుంటూ వందల అడుగులు తీసుకెళ్ళాడు. దారం కిందికి వేలాడకుండా పట్టు దారాలతో కట్టి ఆపితే పని చేసింది, ఒకసారి పట్టు దారం తెగిపోయిందని దాని బదులు ఇత్తడి తీగ కడితే చివర ఏమీ లేదు, ఛార్జ్ అంతా తీగలోంచి గోడలోకి పోయింది. ఛార్జ్‌ని పోనిచ్చేవి వాహకాలు, పోనివ్వనివి బంధకాలు అని మీరు పుస్తకంలో రెండు కాలమ్స్ బట్టీ కొడతారు చూడండి, ఆ తేడా మొట్టమొదట బయటపడింది ఆ తెగిన పట్టు దారం దగ్గర. మరుసటి ఏడు ఆయన ఒక చిన్న పిల్లాడిని పట్టు తాళ్ళతో పడుకున్నట్టు వేలాడదీసి, రుద్దిన గాజు గొట్టం కాళ్ళ దగ్గర పెడితే ముఖం దగ్గరున్న రేకు ముక్కలు ఎగిరాయి. మనిషి ఒళ్ళు కూడా వాహకమే అని అట్లా తెలిసింది.

ఇందులోంచే ఒక సందేహం తీరిపోతుంది. స్టీలు చెంచాని చేత్తో పట్టుకుని ఎంత రుద్దినా కాగితం రాదు, ఎందుకని అడుగుతారు పిల్లలు. చెంచాకి కూడా ఛార్జ్ వస్తుంది, వచ్చింది వచ్చినట్టే మీ చేతిలోంచి భూమిలోకి పోతుంది. అదే చెంచాని ప్లాస్టిక్ పిడితో పట్టుకుని రుద్దండి, దానికీ నిలుస్తుంది. అంచేత ప్లాస్టిక్ మాత్రమే ఛార్జ్ అవుతుంది, లోహం అవ్వదు అనేది తప్పు, ప్లాస్టిక్ దాచుకుంటుంది, లోహం దాచుకోలేదు, అంతే తేడా.

1733లో ఫ్రాన్స్‌లో డ్యూఫే అనే ఆయన, రుద్దిన గాజుకి వచ్చేది ఒక రకం, రుద్దిన అంబర్‌కి వచ్చేది ఇంకో రకం, ఒకే రకాలు తోసుకుంటాయి, వేరు రకాలు లాక్కుంటాయి అన్నాడు. 1747లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వాటికి ప్లస్, మైనస్ అని గుర్తులు పెట్టాడు, అవి పెట్టడంలోనే పెద్ద ఆలోచన ఉంది, ఒకచోట ఎంత ఎక్కువైతే ఇంకోచోట అంత తక్కువ అవ్వాలి అని. రుద్దిన గాజుని ప్లస్ అన్నాడు. అప్పటికి ఎలక్ట్రాన్ గురించి ఎవరికీ తెలీదు, 1897లో జె.జె. థామ్సన్ కనిపెట్టేదాకా తెలీదు, తీరా చూస్తే నిజంగా కదిలే ఎలక్ట్రాన్‌కి ఆయన లెక్క ప్రకారం మైనస్ వచ్చింది. అందుకే మీరు వైర్లో కరెంటు దిక్కు ఒకటి, ఎలక్ట్రాన్ల దిక్కు ఒకటి గీయాల్సి వస్తోంది. తర్వాత మిలికాన్ చిన్న చిన్న నూనె బొట్లని రెండు పలకల మధ్య గాల్లో నిలబెట్టి ఒక ఎలక్ట్రాన్ మీద ఎంత ఛార్జ్ ఉంటుందో కొలిచాడు, 1.602 × 10⁻¹⁹ కూలుంబ్ అని మీరు రాసే విలువ ఇప్పుడు ఖాయం చేసిన అంకె. ఏ బొట్టు మీద చూసినా ఆ అంకెకి ఒకటి రెట్లు, రెండు రెట్లు, ఐదు రెట్లు, సగం మాత్రం ఎప్పుడూ లేదు.

సరే, చరిత్ర చాలు, ఇప్పుడు తోసుకోవడం చూద్దాం. ఇది ఇంట్లో కరెంటు వైర్లు వేసే పీవీసీ పైపు. ఇది కూరగాయల పల్చటి కవర్, అడ్డంగా కత్తిరిస్తే ఇట్లా రింగు వస్తుంది. రెండిట్నీ ఈ కంబళితో రుద్దుతాను, మన గొర్రె బొచ్చు కంబళే, ఉన్ని అంటే ఎలక్ట్రాన్లు ఇచ్చే రకం, పీవీసీ, పాలిథీన్ రెండూ తీసుకునే రకం. అంటే పైపుకి మైనస్, రింగుకీ మైనస్. ఇప్పుడు రింగుని పైకి వదిలి కింద పైపు పెడతాను... చూడండి! కిందికి రావట్లేదు. విచ్చుకుని గాల్లో తేలుతోంది, రింగులో ప్రతి భాగం పక్క భాగాన్ని తోస్తోంది, అందుకే గుండ్రంగా విచ్చుకుంది. నేను నడుస్తుంటే నా ముందే పోతోంది. పిల్లలూ ముట్టుకోకండి, మీ చేతికి అంటుకుపోతుంది... చెప్పానా, అంటుకుంది.

ఏది ఇస్తుంది ఏది తీసుకుంటుంది అనేదానికి ఒక వరస ఉంది, స్వీడన్‌కి చెందిన విల్కే అనే ఆయన 1757లో మొదట రాశాడు. గాజు, జుట్టు, నైలాన్, ఉన్ని ఇచ్చే వైపు, కాగితం, నూలు మధ్యలో, పాలిథీన్, పీవీసీ, టెఫ్లాన్ తీసుకునే వైపు. చలికాలం రాత్రి లైటు ఆర్పేసి స్వెట్టర్ విప్పితే చిటపటమని చిన్న చిన్న మెరుపులు కనిపిస్తాయి చూడండి, సింథటిక్ చీర కాళ్ళకి చుట్టుకుంటుంది చూడండి, అవి ఈ వరసలో దూరం దూరంగా ఉన్న రెండు బట్టలు రాసుకోవడం వల్లే.

ఇక్కడ పిల్లలకి ఒకటి గట్టిగా చెప్పాలి. రాపిడికి ఎలక్ట్రాన్లు ఎందుకు మారతాయి, ఇది ఇవ్వాలి అది తీసుకోవాలి అని ఎవరు నిర్ణయిస్తారు అన్నది శాస్త్రవేత్తలకి ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నిజంగా. రెండున్నర వేల ఏళ్ళ నుంచి తెలిసిన విషయం, చిన్నపిల్లలు చేసే ప్రయోగం, దాని లోపలి సంగతి ఇంకా పరిశోధనలోనే ఉంది. కొన్నిసార్లు ఎలక్ట్రాన్లు మారతాయి, కొన్నిసార్లు ఉపరితలం మీదున్న అయాన్లు, అంటే ఛార్జ్ ఉన్న పరమాణువులు, మారతాయి, కొన్నిసార్లు పదార్థమే సన్నగా చిట్లి అటు అంటుకుంటుంది. 2011లో అమెరికాలో ఒక బృందం రెండు ప్లాస్టిక్ ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి తీసి, నానో మీటర్ల స్థాయిలో చూస్తే, ఒకటి మొత్తం ప్లస్, ఇంకోటి మొత్తం మైనస్ కాదు, రెండిటి మీదా ప్లస్ మచ్చలు మైనస్ మచ్చలు కలగాపులగంగా ఉన్నాయి, మొత్తం కూడితే ఒకదానికి ప్లస్ ఇంకోదానికి మైనస్ మిగులుతోంది. ఫిజిక్స్‌లో తేలాల్సినవన్నీ ఎక్కడో నక్షత్రాల్లోనే ఉంటాయి అనుకోకండి అమ్మా, ఒకటి మీ తలలో దువ్వెన దగ్గరే ఉంది. మీలో ఎవరో తేల్చాలని నా కోరిక. ఇంకొకటి, గట్టిగా రుద్దడం అసలు అవసరం కూడా కాదు, తాకించి విడదీసినా చాలు, రుద్దితే ఎక్కువ చోట్ల తాకుతుంది కాబట్టి ఎక్కువ మారుతుంది.

ఇప్పుడు కాగితం ముక్కల దగ్గరికి వద్దాం. కాగితాన్ని మనం రుద్దలేదు, దానికి ఛార్జ్ లేదు. మరి దువ్వెన ఎందుకు లాగింది? మైనస్ దువ్వెన దగ్గరికి రాగానే కాగితంలో ఎలక్ట్రాన్లు కాస్త అవతలికి జరుగుతాయి, ఇవతలి వైపు ప్లస్ తేలుతుంది, అవతలి వైపు మైనస్. ప్లస్ దగ్గరుంది, మైనస్ దూరంగా ఉంది, దూరం పెరిగితే బలం తగ్గుతుంది, రెండింతలు దూరమైతే నాలుగో వంతు అని 1785లో కూలుంబ్ కొలిచి చెప్పాడు, కాబట్టి లాగుడు తోపు కంటే ఎక్కువ. ముక్క ఎగిరి వస్తుంది. వచ్చి తాకాక, తాకినచోట దువ్వెనలోని ఎలక్ట్రాన్లు కొన్ని ముక్కలోకి పోతాయి, ఇప్పుడు ముక్కకి కూడా మైనస్, రెండూ మైనస్సే, అంతే, దూకేస్తుంది. ఇందాక గుర్తు పెట్టుకోమన్నది ఇదే. రాపిడి, తాకడం, తాకకుండా దగ్గరికి తెచ్చి ప్రేరణ, మూడు పద్ధతులూ ఆ ఒక్క దువ్వెన ప్రయోగంలో జరిగిపోయాయి.

ప్రేరణ సంగతి ఇంకొంచెం చూపిస్తాను, ఎందుకంటే ఇది నాకు చాలా ఇష్టం. ఇది థర్మోకోల్ షీటు. ఇది మామూలు స్టీలు పళ్ళెం, మధ్యలో ప్లాస్టిక్ గ్లాసు అతికించాను, పట్టుకోడానికి. థర్మోకోల్‌ని కంబళితో బాగా రుద్దుతాను, దానికి మైనస్ వచ్చింది. పళ్ళెం గ్లాసుతో పట్టుకుని దాని మీద పెట్టాను. ఇప్పుడు కరెంటు టెస్టర్ తీసుకున్నా, ఎలక్ట్రీషియన్ జేబులో ఉండేదే, వెనక టోపీ మీద వేలు పెట్టి మొన పళ్ళానికి తాకిస్తాను, లోపల చిన్న బల్బు ఉంటుంది, దాన్నే చూడండి, కిటికీ మూయండి నాన్నా. టక్... వెలిగింది. థర్మోకోల్ మైనస్ కదా, పళ్ళెంలో ఎలక్ట్రాన్లని పైకి తోసింది, నేను దారి ఇవ్వగానే అవి టెస్టర్లోంచి నా చేతిలోకి, భూమిలోకి పోయాయి. ఇప్పుడు టెస్టర్ తీసేసి, గ్లాసుతో పళ్ళాన్ని పైకెత్తాను. పళ్ళెంలో ఎలక్ట్రాన్లు తక్కువ, అంటే ప్లస్. మళ్ళీ టెస్టర్ తాకిస్తా. టక్... మళ్ళీ వెలిగింది, ఈసారి ఎలక్ట్రాన్లు నా చేతిలోంచి పళ్ళెంలోకి వచ్చాయి. ముందు వరసలో వాళ్ళు ఒకటి గమనించారా, బల్బులో రెండు చిన్న పుల్లలు ఉంటాయి, మొదటిసారి ఒక పుల్ల దగ్గర వెలిగింది, రెండోసారి రెండో పుల్ల దగ్గర, మైనస్ వైపు ఉన్న పుల్ల దగ్గరే ఆ నారింజ వెలుగు వస్తుంది. ఎలక్ట్రాన్లు ఎటు పోతున్నాయో కంటికి కనిపించినట్టే కదా!

ఇంకా చూడండి, నేను థర్మోకోల్‌ని మళ్ళీ రుద్దలేదు. పళ్ళెం పెట్టి, తాకించి, ఎత్తి, ఇట్లా ఎన్నిసార్లయినా చేయొచ్చు, థర్మోకోల్ మీద ఛార్జ్ అట్లాగే ఉంటుంది, దాని ఎలక్ట్రాన్లు పళ్ళెంలోకి పోవట్లేదు. మరి ప్రతిసారీ వెలగడానికి శక్తి ఎక్కడిది? ఎవరైనా చెప్తారా? ... నువ్వు చెప్పమ్మా. "చెయ్యి సార్." కరెక్ట్! పళ్ళెం ప్లస్, కింద మైనస్, అవి లాక్కుంటున్నాయి, ఆ లాగుడికి ఎదురుగా నేను ఎత్తుతున్నాను, నా చేతి శ్రమే అందులో వెలుగు అయింది. ఈ పరికరాన్ని విల్కే 1762లో చేశాడు, వోల్టా 1775లో అందరికీ పరిచయం చేశాడు, బ్యాటరీ చేసిన వోల్టానే.

ఇప్పుడు మీ అందరికీ తెలిసిన చోటికి తీసుకెళ్తాను. జిరాక్స్ షాపు. ఆధార్ జిరాక్స్ తీయించుకోని వాళ్ళు ఇక్కడ ఒక్కరైనా ఉన్నారా? ఆ మిషన్ పుట్టింది జేబురుమాలుతో రుద్దడం వల్ల. చెస్టర్ కార్ల్‌సన్ అని, న్యూయార్క్‌లో ఒక కంపెనీ పేటెంట్ విభాగంలో పని చేసేవాడు, కాగితాలన్నీ ఎత్తి రాయాలి, కాపీలు సరిపోవు, కీళ్ళ నొప్పులు కూడా. 1938 అక్టోబర్ 22న ఆస్టోరియా అనే పేటలో చిన్న గదిలో, జింక్ రేకు మీద గంధకం పూత పూశాడు, చీకట్లో దాన్ని నూలు జేబురుమాలుతో రుద్దాడు, ఛార్జ్ వచ్చింది. గాజు పలక మీద సిరాతో ఆ రోజు తేదీ, ఊరి పేరు రాసి ఉంచాడు, ఆ పలకని రేకు మీద పెట్టి పెద్ద లైటు కొన్ని సెకన్లు వేశాడు.

గంధకం చీకట్లో బంధకం, వెలుగు పడితే కాస్త వాహకం అవుతుంది. వెలుగు పడినచోట ఛార్జ్ రేకులోకి దిగిపోయింది, సిరా అక్షరాల నీడలో మాత్రం ఛార్జ్ నిలిచింది. పైన సన్నటి పొడి చల్లి ఊదితే, ఛార్జ్ ఉన్నచోట పొడి అంటుకుని మిగతాది పోయింది, అక్షరాలు కనబడ్డాయి. మైనం కాగితం వేసి అద్దితే కాపీ వచ్చింది. ఇవాళ షాపులో జరిగేది కూడా అదే, లోపల గుండ్రటి డ్రమ్ముకి ఛార్జ్ ఇస్తారు, రుద్ది కాదు, ఎక్కువ వోల్టేజ్ ఉన్న తీగతోనో రోలర్‌తోనో ఇస్తారు, వెలుగుతో డ్రమ్ము మీద అక్షరాలున్న చోటికీ లేని చోటికీ ఛార్జ్‌లో తేడా తెస్తారు, టోనర్ అనే నల్ల పొడి అక్షరాలున్న చోటే అంటుకుంటుంది, కాగితం మీదికి ఎక్కుతుంది, వేడి రోలర్ దాన్ని కరిగించి అంటిస్తుంది, కాపీ చేతికొచ్చేటప్పుడు వెచ్చగా ఉండేది అందుకే. కార్ల్‌సన్‌కి అంత తేలిగ్గా ఏం జరగలేదు, 20కి పైగా కంపెనీలు వద్దన్నాయి, ఆఫీసుల్లో నిజంగా పాతుకుపోయిన మిషన్ 1959లో వచ్చింది, రుమాలు నుంచి అక్కడికి 21 ఏళ్ళు.

పెద్దవాళ్ళు ఓపిగ్గా కూర్చున్నారు, మీకు పనికొచ్చేది ఇప్పుడు చెప్తాను. పిడుగు. మబ్బులో రుద్దేది ఎవరు? మంచు రేణువులు. పెద్ద మబ్బులో పైకి లేచే గాలి ఉంటుంది, చిన్న మంచు స్ఫటికాలు పైకి పోతుంటాయి, బరువైన మెత్తటి వడగళ్ళు కిందికి దిగుతుంటాయి, మధ్యలో తాకి విడిపోతుంటాయి, ఛార్జ్ చేతులు మారుతుంది, పైకి పోయేవాటికి ప్లస్, కింద ఉండేవాటికి మైనస్. మన దువ్వెన పనే, కాకపోతే కిలోమీటర్ల మేర. మబ్బు అడుగున మైనస్ చేరగానే కింద నేలలో ఎలక్ట్రాన్లు అవతలికి పోయి నేల పైన ప్లస్ తేలుతుంది, పళ్ళెం ప్రయోగంలో జరిగిందే. ఎత్తుగా ఒంటరిగా ఉన్న తాటిచెట్టు, వేపచెట్టు, పొలంలో నిలబడ్డ మనిషి, వాటి కొసల్లో అది ఎక్కువగా పోగవుతుంది. గాలి ఇక ఆపలేని స్థితి వచ్చినప్పుడు దారి తెరుచుకుంటుంది, 30 వేల ఆంపియర్ల లెక్కన కరెంటు, దారిలో గాలి దాదాపు 30 వేల డిగ్రీలు వేడెక్కి పేలినట్టు వ్యాకోచిస్తుంది, అదే ఉరుము.

మన పెద్దలు ఉరుము వినగానే అర్జునా ఫల్గుణా అనుకుంటారు, అనుకోండి, అనుకుంటూనే పక్కా ఇంట్లోకి వెళ్ళండి, లేదా తలుపులేసిన కారులోకి, కారు రేకే ఛార్జ్‌ని బయటి నుంచి నేలకి పంపేస్తుంది. చెట్టు కిందికి మాత్రం పోకండి. చెట్టు మీద పడ్డ పిడుగు చెట్టులోంచి పక్కన నిలబడ్డ మనిషిలోకి దూకుతుంది, మనిషి ఒళ్ళు చెట్టు కంటే మంచి వాహకం. గొర్రెలూ ఆవులూ చెట్టు కింద ఒకేసారి ఎందుకు పడిపోతాయంటే, పిడుగు నేలలో పాకుతుంది, ముందు కాలు దగ్గర ఒక వోల్టేజ్, వెనక కాలు దగ్గర ఒక వోల్టేజ్, ఆ తేడాకి కరెంటు ఒంట్లోంచి, గుండె పక్కనుంచి పోతుంది. మనం బయట దొరికిపోతే రెండు పాదాలూ దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోమనేది అందుకే. పుణెలో ఉన్న వాతావరణ పరిశోధన సంస్థ వాళ్ళ దామిని అనే యాప్ ఉంది, ఫోన్లో పెట్టుకోండి, గొర్రెల కాపరులకి, కూలికి పోయే వాళ్ళకి కూడా పెట్టివ్వండి. రాష్ట్ర విపత్తుల సంస్థ నుంచి మండలం పేరుతో మెసేజ్ వస్తే అది ఊరికే వచ్చిందని తీసేయకండి.

ఇది అన్నిటికంటే ముఖ్యం. పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే మనకి షాక్ కొడుతుందని జనం దూరంగా నిలబడిపోతారు. కొట్టదు. మనిషి ఒంట్లో ఛార్జ్ నిలవదు, గ్రే వేలాడదీసిన పిల్లాడికి పట్టు తాళ్ళు ఉన్నాయి కాబట్టి నిలిచింది, నేల మీదున్న మనిషిది క్షణంలో కూడా వెయ్యో వంతులోనే భూమిలోకి పోతుంది. గుండె, ఊపిరి ఆగి ఉండొచ్చు, ఆగి ఉంటే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది. ఛార్జ్ ఎక్కడికి పోతుందో తెలియక మనిషిని వదిలేయకండి.

ప్రశ్నలు అడగండి. ఆ, చెప్పండమ్మా. "సార్, మా అమ్మాయి అమెరికాలో చికాగో దగ్గర ఉంటుంది, చలికాలం తలుపు పట్టుకుంటే షాక్ కొడుతుందంటుంది, ఇక్కడ ఎప్పుడూ లేదు, ఎందుకని?" మంచి ప్రశ్నమ్మా. గాలిలో తేమ ఉంటే ప్రతి వస్తువు మీదా కంటికి కనపడని నీటి పొర ఉంటుంది, ఛార్జ్ దాంట్లోంచి మెల్లగా జారిపోతుంది. బందరులోనో కాకినాడలోనో వర్షాకాలం ఈ రింగు ప్రయోగం చేస్తే రింగు లేవదు, అనంతపురం వైపు ఈ నెలలో బ్రహ్మాండంగా లేస్తుంది. చికాగోలో చలికాలం బయటి గాలిలో తేమే తక్కువ, దాన్ని ఇంట్లోకి తెచ్చి హీటర్‌తో వేడి చేస్తే ఇంకా పొడిబారుతుంది, కింద కార్పెట్, కాళ్ళకి చెప్పులు, నడుస్తుంటే ప్రతి అడుగూ తాకి విడిపోవడమే, ఒంటి మీద వేల వోల్టులు చేరతాయి. మిల్లీమీటరు గాలిని దాటడానికి సుమారు 3 వేల వోల్టులు కావాలి, కాబట్టి స్పార్క్ మూడు మిల్లీమీటర్లు దూకితే దాదాపు 9 వేల వోల్టులు అని లెక్క. భయపడక్కర్లేదు, వోల్టులు ఎక్కువే కానీ ఛార్జ్ చాలా తక్కువ, ప్రాణానికేం కాదు. మీ అమ్మాయిని తలుపు ముట్టుకునే ముందు చేతిలో తాళంచెవి గట్టిగా పట్టుకుని దాని కొస తాకించమనండి, స్పార్క్ తాళంచెవి దగ్గర వస్తుంది, వేలికి చురుక్కుమనదు.

ఆ పెద్దాయన ఏదో అడుగుతున్నారు. "పెట్రోలు బంకులో ట్యాంకర్ రాగానే ఒక వైరు తగిలిస్తారు, దేనికి?" అదే దీని ముఖ్యమైన ఉపయోగం. పెట్రోలు పైపులో వేగంగా పోతుంటే పైపుని రాసుకుంటూ పోతుంది, ఛార్జ్ విడిపోతుంది, ట్యాంకర్ కింద రబ్బరు టైర్లు, పోయే దారి లేదు. పక్కనే పెట్రోలు ఆవిరి. అందుకని పెట్రోలు దింపే ముందే ఎర్త్ వైరు క్లిప్పు పెడతారు, ట్యాంకరూ నేలా ఒకే స్థితికి వచ్చేస్తాయి, స్పార్క్ రాదు. ప్లాస్టిక్ డబ్బాల్లో, సీసాల్లో పెట్రోలు పట్టొద్దనడానికి ఒక కారణం కూడా ఇదే, డబ్బా మీద ఛార్జ్ పేరుకుపోతుంది, దిగడానికి దారి ఉండదు.

ఇంక ఎవరికైనా సందేహం ఉంటే టేబుల్ దగ్గరికి రండి. థర్మోకోల్, పళ్ళెం, టెస్టర్ ఇక్కడే ఉంచుతాను, ఒక్కొక్కరు వచ్చి మీ చేత్తో మీరే చేయండి, పళ్ళెం ఎత్తేటప్పుడు గ్లాసుని మాత్రమే పట్టుకోండి.